అక్క తలుపుకి వేసిన తాళం

ఊళ్లో మిగిలిన నాలుగు వందల మందికీ ఆయన తాళాలాయనే. జ్వరాల ఏడాదికి ముందు ఆయనకొక కొట్టు ఉండేది. కొట్టుకొక బోర్డు, బోర్డు మీద ఆయన పేరు ఉండేవి. ఇప్పుడు పేరుతో పనిలేదు. ఆ పని తెలిసినవాళ్లలో బతికింది ఆయనొక్కడే.

పని అంటే, చచ్చిపోయినవాళ్ల ఇళ్లు తెరవడం. వీధి వరసన తెరుచుకుంటూ పోతాడు. వెనకాల బండాయన తోపుడుబండితో వచ్చి గిన్నెలు, దుప్పట్లు, మేకులు, పగలని అద్దాలు ఎక్కించుకుంటాడు. తెరవబోయే ముందు తాళాలాయన తలుపు మీద మూడుసార్లు కొట్టి, "వస్తున్నామండీ" అని కాసేపు ఆగుతాడు.

"లోపలివాళ్లు తల దువ్వుకోవాలనా?" అనేవాడు బండాయన.

"వాళ్లిల్లు. దొంగల్లా దూరకూడదు."

"దొంగలే నయం. వాళ్లకి బీరువాలు దొరికేవి. మనకి బొచ్చెలు."

ఆ తలుపులకి తాళాలు వేసింది కూడా ఆయనే. అది అందరికీ తెలుసు. జ్వరం మొదలైన వారంలో, రోగం సోకిన వాటాలన్నిటికీ బయటినుంచి తాళాలు వేయమని ఆర్డరు వచ్చింది. ఇద్దరు పోలీసులు తుపాకులతో వెంట నడిచారు. కిటికీలోంచి అన్నం అందిస్తామన్నారు. కొన్నాళ్లు అందించారు. తర్వాత అందించేవాళ్లే లేరు. తాళంచెవులున్న ఆఫీసు కూడా తగలబడిపోయింది. బండాయన తల్లి అలా పోయినావిడే. ఆవిడ ఇల్లు తెరిచిన రోజున కూడా తాళాలాయన మూడుసార్లు కొట్టాడు.  ఆర్డరు ఆర్డరే. అందరికీ పడ్డ తాళమే ఆవిడకీ పడింది అనుకున్నాడు బండాయన.

అప్పట్లో తాళాలు వేయడం మొదలైన ఐదో రోజున, మూయాల్సిన ఇళ్ల జాబితాలో తాళాలాయన అక్క ఇల్లు వచ్చింది. అక్కకి జ్వరం లేదు. పక్క వాటాలో ఉంది కాబట్టి వరసంతా మూసేయమన్నారు. అక్క కూతురు, ఏడేళ్ల పిల్ల, ఆ వారం తాళాలాయన ఇంట్లోనే ఉంది. ఆ పొద్దున ఆయన కొట్లో కూర్చుని ఒక తాళంకప్ప విప్పాడు. దాని కమ్మీకి ఉండే గాడిని, లోపలి నాలుక పట్టుకునేదాన్ని, ఆకురాయితో అరగదీశాడు. నొక్కితే టక్కుమని చప్పుడవుతుంది, చూసేవాళ్లకి పడినట్టే ఉంటుంది. లోపలినుంచి తలుపు ఒక్కసారి గట్టిగా లాగితే ఊడిపోతుంది.

పోలీసులు చూస్తుండగా దాన్ని అక్క తలుపుకి వేశాడు. చెవిలో చెప్పే వీలు లేదు. వాళ్లకి అనుమానం రాకుండా గొంతు పెంచి, "అక్కా, ఇది నా చేతి తాళం. ఏనుగు లాగినా రాదు" అన్నాడు.

మూతబడ్డ ఇంట్లో ఉన్న మనిషి ఒకసారైనా తలుపు లాగి చూడదా అనుకున్నాడు.

తర్వాత పన్నెండేళ్లు ఆయన ఆ వీధిలో అడుగుపెట్టలేదు. మిగతా తలుపులు తెరిచి, వాటి వెనక ఉన్నవి చూసి, బయటికొచ్చి మొహం కడుక్కుని అన్నం తినగలిగేవాడు. ఒక్క మనిషైనా నా చేతి మీదుగా బయటపడింది అనుకునేవాడు. మేనకోడలికీ అదే చెప్పి పెంచాడు. "మీ అమ్మ ఎటో వెళ్లి బతికే ఉంటుంది. దారులు బాగుపడితే వస్తుంది."

మేనకోడలికి పంతొమ్మిది నిండాయి. నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు చూస్తుంది. ఒక సాయంత్రం చేతులు తుడుచుకుంటూ అంది:

"మావయ్యా, అమ్మ ఇల్లు నాకిమ్మని ఊరి కమిటీలో అడిగాను. సరేనన్నారు. రేపు వెళ్దాం."

"ముందు పై వీధి అవనీ."

"పై వీధి పోయినేడే అయింది."

"తుప్పుపట్టి ఉంటుందే తాళం."

"తాళం ఎందుకుంటుంది? అమ్మ బయటపడిందన్నావుగా. తాళం ఊడితేనే కదా బయటపడేది. నీకు పనే లేదు, ఊరికే తోడు రా."

ఆయన సంచీలో పనిముట్లు సర్దుకున్నాడు.

మర్నాడు బండాయనతో కలిసి ముగ్గురూ వెళ్లారు. సందు మలుపులోంచే కనిపించింది. తాళం ఉంది. గొళ్లేనికి, తను వేలాడదీసిన చోటే, తుప్పుపట్టి వేలాడుతోంది. ఆయన అక్కడే ఆగిపోయాడు. పిల్ల ఆగలేదు. వెళ్లి తలుపు మీద మూడుసార్లు కొట్టింది. "అమ్మా" అని, కాసేపు నిలబడింది.

"పనిముట్లు తియ్యి మావయ్యా."

ఆయన సంచీ విప్పలేదు. వచ్చి, తాళాన్ని చేత్తో పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఊడి వచ్చింది.

"ఇదేంటి, ఇది పడనే లేదే!" అన్నాడు బండాయన.

లోపల రెండో గదిలో, కిటికీ కింద అక్క ఉంది. పక్క దుప్పటీ, ఎముకలూ. కిటికీ చట్రానికి ఎనిమిది మరలు. ఆరు ఊడదీసి గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. చెంచా కాడ అరిగి ఉలిలా అయింది. వీధి తలుపుకి లోపలివైపు గరిటెతో బాదిన సొట్టలు ఉన్నాయి. బాదితే తలుపు బయటికే వెళ్తుంది, తాళానికి ఏమీ కాదు.

తాళాలాయన చట్రం పట్టుకుని నిలబడి, గాడి సంగతంతా చెప్పాడు.

"ఒక్కసారి లాగి ఉంటే..." అన్నాడు.

"ఎందుకు లాగుతుంది? ఏనుగు లాగినా రాదన్నావుగా."

"పోలీసులు వినాలని అన్నానే."

"అమ్మ విన్నది."

గుమ్మంలోంచి బండాయన అడిగాడు. "మరి మా అమ్మకి?"

తాళాలాయన గట్టు మీది మర ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"చెప్పవయ్యా. మా అమ్మకి వేసింది ఎలాంటిది?"

"గట్టిదే."

బండాయన చేతిలోని దుప్పట్లు నేల మీద పెట్టాడు. ఖాళీ బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ ఆయన వెనక రాలేదు.

నెలలోపే పిల్ల ఆ ఇంట్లోకి మారింది. ఆరు మరలూ తనే బిగించుకుంది. కొత్త తాళం తెస్తానని తాళాలాయన కబురు పెడితే, "నీ చేతిది వద్దు మావయ్యా, మంచిదైనా చెడ్డదైనా" అని జవాబు పంపింది. గొళ్లెం కూడా పీకేయించింది.

ఇప్పుడా తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంటుంది. వచ్చేవాళ్లు తోసుకుని లోపలికి వెళ్తారు. తాళాలాయన వారానికోసారి వెళ్లి మూడుసార్లు కొట్టి, బయట నిలబడతాడు.

"తీసే ఉంది" అంటుంది లోపలినుంచి.

ఆయన తొయ్యడు. కాసేపు ఆగి, తిరిగి వెళ్లిపోతాడు.