రహెబోతు సైదయ్య

సైదయ్యకు ఒకటే జబ్బు. ఎవరు జరగమన్నా జరిగిపోతాడు. జరిగి ఊరుకున్నా బాగుండును, ఆ చోటుకు ఒక హీబ్రూ పేరు పెడతాడు.

పాదిరిగారు ఏదో ఆదివారం చెప్పిన ప్రసంగం అతని తలకెక్కింది. ఇస్సాకు మనుషులు బావి తవ్వితే గెరారు కాపరులు వచ్చి నీళ్లు మావంటూ కొట్లాడారట. దానికి ఏశెకు, అంటే జగడం, అని పేరు పెట్టి వదిలేశారు. రెండో బావికీ కొట్లాటే. అది శిత్నా, అంటే పగ. మూడోదానికి ఎవరూ రాలేదు. అది రహెబోతు, అంటే విశాలమైన చోటు. విన్నవాళ్లంతా ఇంటికి పోయి అన్నం తిన్నారు. ఈ మహానుభావుడు మాత్రం దాన్ని బతుక్కి తగిలించుకున్నాడు.

కోదాడ బస్సులో రుమాలు వేసి సీటు పట్టేవాడు. ఎవడో వచ్చి "లే" అనగానే లేచేవాడు.

"ఎందుకు లేసినవ్ సైదయ్యా?"

"ఇది ఏశెకు సీటు. జగడం మీద కూసుంటె నడుము నొస్తది."

కోదాడ దాకా నిలబడితే నొప్పి ఉండదు కాబోలు!

ఎనభై ఆరులో మిర్యాలగూడ బస్టాండు ముందు, నా వాచీల బల్ల పక్కనే సైకిల్ పంక్చర్లు వేయడం మొదలుపెట్టాడు. గుంతలు పూడ్చి, పైన రేకు వేసి, గిరాకీ కుదిరిందో లేదో, మొగుడు పోయిన ముత్తమ్మ పండ్ల గంపతో దిగింది.

"గాలి లేని ట్యూబా! లే ఈడికెల్లి!"

సైదయ్య పంపు పట్టుకొని లేచాడు. రైల్వే గేటు దగ్గర మళ్లీ రేకు వేశాడు. అక్కడికి రైసుమిల్లులో చెయ్యి పోగొట్టుకున్న సోమ్లా బీడీల డబ్బాతో వచ్చాడు.

"గాలి లేని ట్యూబా! లే!"

ఈ ఊళ్లో తిట్లకు కూడా కరువే అనుకున్నాను.

మూడోసారి శ్మశానం గోడ పక్కన కూర్చున్నాడు. "ఇగ రహెబోతు!" అన్నాడు మురిసిపోతూ.

"మంచిగుంది. సచ్చినోళ్లు సైకిళ్లు తెస్తరా?" అన్నాను.

అతని భార్య గోపమ్మకు ఓపిక నశించింది. "ఇంట్ల నూకలు లేవు. ఈయనకు హీబ్రూ కావాల్నట! నేను తుంగతుర్తి పోతున్న, మా అన్న దగ్గరికి" అంటూ మూటతో బస్టాండుకు వచ్చింది. నాకు ఒళ్లు మండి ముత్తమ్మ మీద పడ్డాను.

"మెత్తనోడని సూసి చోటు గుంజుకుంటవా? సిగ్గులేదూ?"

"నేనేడ గుంజుకున్న అన్నా?" అంది ముత్తమ్మ. "ఈడ కూసోమని ఆయనే అన్నడు. ఊకెనే ఇస్తె నాకొద్దన్న, ఒకల దయ మీద బతకనన్న. అయితె కొట్లాడి గెల్సుకో అన్నడు. నాకు తిట్లు రావంటె ఆ తిట్టు గూడ ఆయనే నేర్పిండు. సోమ్లాకు గూడ గంతే."

తుంగతుర్తి బస్సు వచ్చింది, వెళ్లింది. గోపమ్మ మూట నెత్తిన పెట్టుకొని శ్మశానం వైపు నడిచింది. వేడుక చూద్దామని సైకిల్ తోసుకుంటూ నేనూ వెనకే వెళ్లాను.

"గాలి లేని ట్యూబా!" అని అరిచింది గోపమ్మ.

సైదయ్య తల కూడా ఎత్తలేదు. అలవాటు కొద్దీ పంపు పట్టుకొని జరిగాడు. ఖాళీ అయిన చోట గోపమ్మ మూట దించి కూర్చుంది.

"గోపమ్మా! రహెబోతు అంటె..."

"ఎరుకే. ఇద్దరం పడతం. ఇంకోసారి ఎవల్నన్న కొట్లాటకు పిలిసి సూడు, అసలు తిట్లు నేను నేర్పిత. పంపు ఇటియ్యి."

నా సైకిల్ చక్రాల్లో గాలి నిండుగా ఉంది. ఆ పిచ్చివాడు చూడకుండా దాన్ని కాస్త వదిలేసి, సైకిల్ తీసుకెళ్లి వాళ్ల ముందు నిలబెట్టాను.