నాన్న వేళ్లకు అంటిన జెల్

ఎముక ముక్కను ప్రింట్ చేయడం నా పని. చెబితే బంధువులు నవ్వుతారు. సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేటూ, జెలటినూ కలిపి జెల్ చేసి, అందులో బతికున్న ఎముక కణాలు కలుపుతాం. దాన్ని సూదిలోంచి దారంలా తీస్తూ పొర మీద పొర అల్లుతాం. ఆ అల్లికను పట్టుకుని కణాలు పెరిగి ఎముక కావాలి. విజయవాడలోని మా ల్యాబ్‌లో మాత్రం అది ఎప్పుడూ మూడో పొరకే చతికిలబడేది. ఈ వారం నిలబడకపోతే టాపిక్ మార్చుకోమని నా పీహెచ్‌డీ గైడ్ గారు తేల్చి చెప్పేశారు. కణాలు ఒక్క ప్రింట్‌కే మిగిలాయి.

ఈ టాపిక్ పట్టుకోవడానికి కారణం నాన్న. చల్లపల్లి దగ్గర మా ఊళ్లో మగ్గం నేసేవాడు. బస్సు దిగుతూ పడి మణికట్టు విరిగింది. ఎముక కొంత పోయి, మిగిలింది వంకరగా అతుక్కుంది. ఆ చేత్తో మళ్లీ మగ్గం ఆడించలేకపోయాడు.

ఆ వారంలోనే ఒకరోజు నాన్న విజయవాడలో డాక్టరు గారికి చేయి చూపించుకుని, ఇక చేసేదేమీ లేదనిపించుకుని, ల్యాబ్‌కి నా దగ్గరికి వచ్చాడు. దూరంగా స్టూలు వేసి కూర్చోబెట్టాను. జెల్ సిద్ధంగా ఉంది, కణాలింకా కలపలేదు. మిషన్ సరిచేసుకుని ఇటు తిరిగేసరికి నాన్న జెల్‌లో వేలు ముంచి, బొటనవేలితో రాసి చూస్తున్నాడు. మగ్గం మీది నిలువు దారాలకు, అదే పడుగుకి, పెట్టే గంజిని జీవితమంతా అలాగే చూశాడు మరి.

నాకు ఒళ్లు మండిపోయింది. "అది ముట్టుకోకూడదు నాన్నా. మొత్తం పాడైపోయింది," అని అరిచాను.

చేయి వెనక్కి దాచుకున్నాడు. అదీ ఆ వంకర చేయే.

"తప్పేనమ్మా. కానీ ఇది ఇంకా వేడి మీదుంది, జారిపోద్ది. మేం గంజి కాచి చల్లారబెట్టి, వేలికి కాస్త పట్టుకుంటేనే పడుగుకి రాస్తాం," అన్నాడు.

సూది మూసుకుపోతుందన్న భయంతో నేను జెల్‌ని ఎప్పుడూ వెచ్చగానే ఉంచేదాన్ని. కోపం దిగకుండానే, ఎలాగూ పాడైందని ఆ జెల్‌నే చల్లబరిచి వేసి చూశాను. మూడో పొర నిలిచింది. నాలుగోదీ నిలిచింది. పదో పొర కూడా కుంగలేదు.

మర్నాడు కొత్త జెల్‌లో కణాలు కలిపి, అలాగే చల్లబరిచి ప్రింట్ చేశాను. మూడు రోజులాగి రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. బతికున్న కణం అందులో పచ్చగా వెలుగుతుంది. అల్లిక పొడవునా వెలిగాయి, నారుమడిలో మొలకల్లా. ఇన్నేళ్లు చదివినదాన్నే, అయినా చేతులు జోడించాలనిపించింది.

నాన్నను పిలిపించి చూపించాను. చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇయ్యన్నీ బతికున్నయ్యేనా?"

"బతికున్నవే నాన్నా."

"నా చేతికేస్తారా?"

అబద్ధం ఆడలేకపోయాను. "ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. నీ చేతికి అందదేమో."

నాన్న మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. వంకర చేతి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం ఒకదాన్నొకటి మెల్లగా రాసుకున్నాయి.

"పర్లేదమ్మా," అన్నాడు. "గంజి కుదిరింది."