మాలు తప్పు

పచ్చి సిమెంటు వాసన నాకు పడదు. అయినా ఈ నడుమ మా ఇంట్ల పొద్దుగాల లేస్తే అదే వాసన. మా చిన్నోడు రమేష్ సిమెంటు కలిపే చిన్న మిషన్ ఒకటి కొనుక్కొచ్చిండు. పెద్ద బిల్డింగుల కాడ గిర్రున తిరిగే మిల్లర్‌కు పిల్ల లెక్క ఉంటది, నారింజ రంగు డ్రమ్ము, రెండు చక్రాలు, ప్లగ్గు పెడితే చాలు తిరుగుతది. వరంగల్ పక్కన మడికొండ ఊర్ల మా చుట్టూ కొత్త ఇండ్లు లేస్తుంటే వీనికి గూడ ఆశ పుట్టింది. బోరు చుట్టూ గచ్చు వేసిండు, గేటు గుంజలు పాతిండు, బట్టలుతికే జాగ సాపు చేసిండు. ఆదివారం మనుమని పుట్టువెంట్రుకలు ఉన్నయని శుక్రవారం నాడు ఇంటి ముందట మెట్టు పోసిండు. కలిపిన సిమెంటు మాలు జారుడుగ ఉంటే డ్రమ్ము వంచంగనే పడుతదని బకెట్లకు బకెట్లు నీళ్ళు పోసిండు. గోనెసంచులు కప్పి తడుపురా అంటే, "చుట్టాలొస్తరు, సంచులు కనపడితే మంచిగుండదమ్మా" అన్నడు. వారం తిరిగేసరికి మెట్టు నడిమిట్ల పగిలింది. పక్కింటి సరోజన చూసి "అయ్యో, ఏమైంది తమ్మీ?" అంటే, వీడు మిషన్‌ను కాలుతోని తన్ని "దీన్ల మాలు మంచిగ కలుస్తలేదక్కా" అన్నడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మిషన్‌కు నోరు లేదు గనుక పడ్డది. ఇదే మాట నేను యాభై ఏండ్ల కింద, ఎనిమిదేండ్ల పిల్లగ ఉన్నప్పుడు విన్న. అప్పుడు మాలు కలిపింది మిషన్ కాదు. నన్ను కన్న తల్లి, మా అవ్వ రాజవ్వ.

మాది నెక్కొండ దిక్కు పల్లె. వానలు ఎగ్గొట్టిన ఏడాది నాట్లు లేక మా అవ్వ నన్ను ఎంటబెట్టుకొని రైలెక్కి వరంగల్ ఒచ్చింది, ఇండ్లు కట్టే సుతారి కొమురయ్య కాడ కూలికి కుదిరింది. అప్పుడు సిమెంటు పర్మిట్ దొరికినోళ్ళకే. మిగిలినోళ్ళకు సున్నమే. ఇప్పటోళ్ళకు సున్నం గానుగ తెల్వది గనుక చెప్తున్న: నేల మీద గుండ్రంగ కాలువ తీసి, అడుగున బండలు పరిచి, దాంట్ల రాతి చక్రం నిలబెట్టి ఎద్దును కట్టి తిప్పేటోళ్ళు; ఎద్దు మెడల గంట, చక్రం కింద ఉసికె నలిగే కరకర, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసినప్పుడు గుప్పున లేసే తీపి ఒగరు వాసన, దాని మీద ముసిరే కందిరీగలు, ఎండకు కండ్లు చెదిరే ఆ తెలుపు, ఇయన్నీ ఒక్కదగ్గరే. గానుగల నలిగిన సున్నాన్ని బయట బండ మీద పోసి ఆడోళ్ళు కాళ్ళతోని తొక్కి తొక్కి వెన్నముద్ద చేస్తే, దాన్నే మాలు అనేటోళ్ళు. మా అవ్వ తొక్కిన మాలు పారతోని ఎత్తితే జారేది కాదు, పారను పట్టుకొని ఉండేది.

పిల్లలకు ఉసికె కుప్పే లోకం. తడి ఉసికెల పాదం పెట్టి గూళ్ళు కట్టుడు, గవ్వలు ఏరుడు, కంకర రాళ్ళతోని కచ్చకాయలాడుడు, పగటీలి సద్దిమూట విప్పితే జొన్న గట్క, పచ్చిపులుసు, చేత్తోని పగలగొట్టిన ఉల్లిగడ్డ. అన్నిటికన్న పెద్ద ఆట, మాలుల పోసేటందుకు తెచ్చిన బెల్లం బుట్టల నుంచి చిన్న గడ్డ లేపి బుగ్గల దాచుకునుడు. అందరం చేసినం. కొమురయ్య చూసీ చూడనట్టు నవ్వేటోడు. చెవి మీద బీడీ, నోట్ల ఆకు, తన తాపీని అంగికి తుడిచి తుడిచి అద్దం లెక్క పెట్టుకునేటోడు. ఆ తాపీని ఆడది ముట్టొద్దు. ఆడది తాపీ పడితే గోడ నిలువదట! మాలు మాత్రం ఆడదే కలపాలె. గోడ నిలిస్తే సుతారి పేరు, పగిలితే మాలు తప్పు. ఈ న్యాయం ఎవడు పెట్టిండో గని, వాని నోట్ల సున్నం పడ.

ఆ ఏడాది బజార్ల ఒక బట్టల షావుకారి ఇల్లు కడుతున్నరు. దసరకల్ల ఇంటి ముందటి అరుగు తయారు కావాలన్నడు షావుకారి. కొత్త సున్నం గుంతల పోసి నీళ్ళు పట్టి రెండొద్దులు గూడ కాలేదు, ఇంకా బుడగలొస్తున్నయి. మా అవ్వ గుంత మీద చెయ్యి పెట్టి చూసి, "సున్నం ఇంకా ఉడుకుతాంది కొమురన్నా. నాలుగొద్దులు ఆగు. గిప్పుడేస్తే అరుగు పగులుతది" అన్నది.

"సుతారివి నువ్వా, నేనా? మల్లొక్కపారి చెప్పుమంటవా? తొక్కు."

తొక్కింది. ఆ ఉడుకు సున్నంల పొద్దంత తొక్కింది. పక్కన ఉన్నది నేనొక్కదాన్నే, విన్నది నేనొక్కదాన్నే. సద్దుల బతుకమ్మనాడు వాడంత తంగేడు, గునుగు పూల వాసన, నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముద్దలు ఇత్తడి గిన్నెలల్ల. ఆడోళ్ళందరు కొత్త చీరెల చప్పుడుతోని గుండ్రంగ తిరుగుతుంటే, మా అవ్వ పాదాలకు నువ్వులనూనె పూసి గుడ్డపేలికలు చుట్టుకొని గోడకు ఒరిగి కూసున్నది. వేళ్ళ సందులల్ల సున్నం తిన్న గుంటలు, ఎర్రగ. ఒక్క అడుగు ఎయ్యలేదు. కూసున్నకాన్నే చప్పట్లు కొట్టింది.

దసర ఎల్లినంక అరుగు పొక్కులు లేసి నిలువునా పగిలింది. షావుకారి ఒచ్చిండు, ఇంటోళ్ళు ఒచ్చిండ్రు, కూలోళ్ళందరిని నిలబెట్టిండ్రు. కొమురయ్య నెత్తి రుమాలు తీసి చేతుల పట్టుకొని అన్నడు గదా, "నేనేం జెయ్యాలె సేటూ? చెయ్యి నాదే గని మాలు నాది కాదు. బెల్లం ఇంటికి మోసుకపోయినట్టున్నరు, మాలు ఎట్ల పట్టుకుంటది?"

మా అవ్వ నోరు తెరిచింది. సున్నం చల్లారలేదని తను చెప్పిన మాట చెప్పబోయింది. సాక్షం కోసం నా దిక్కు తిరిగింది. నా బుగ్గ ఉబ్బి ఉన్నది. అప్పుడే లేపిన బెల్లం గడ్డ నోట్లనే ఉన్నది. నేను నోరు తెరిస్తే అందరికి కనపడుతది. మింగుదామంటే గొంతుల దిగది. మా అవ్వ నా బుగ్గను చూసింది, నా కండ్లు చూసింది. నోరు మూసుకున్నది. నా ముందట అడ్డంగ నిలబడ్డది.

"ఇగ ఈమెను మాలు కాడికి రానియ్యకుండ్రి" అన్నడు షావుకారి.

పోంగ పోంగ తొవ్వల నీళ్ళ నల్లా కాడ ఆగి "ఉమ్మెయ్యి" అన్నది. నోరు కడిగించింది. కొట్టలేదు. కొట్టినా బాగుండు, ఇన్నేండ్లు ఇది ఇట్ల నాల్క మీద ఉండకపోవు.

బెల్లం దొంగ అన్న పేరు మాకన్న ముందు నడిచింది. ఏ సుతారీ మా అవ్వను మాలు కలుపుమని పిలువలేదు. తట్టలు మోసేతందుకు పిలిచిండ్రు. రాళ్ళు, ఇటుకలు, మన్ను. మెడ వంగిపోయింది. బజారుకు పోతే పగిలిన గోడలను చూసి ఒకటే అనేది, అది గూడ నాకు వినపడేటంత మెల్లగ: "చల్లారని సున్నం." అట్లనే పానం పోయింది, తట్ట దించి కూసుని.

నేను యాభై దాటినంక మా కోడలు పక్కన కూసోని అక్షరాలు నేర్చుకున్న. ఇప్పుడు పేపర్ల చదువుతున్న, పాతకాలం సున్నపు ఇండ్లు ఎంత చల్లగుండెనో, మన పెద్దల పనితనం ఎంత గొప్పదో అని రాస్తరు. ఆ సున్నం ఎవరి కాళ్ళు తిన్నదో ఒక్కడు గూడ రాయడు. ఆ షావుకారి ఇల్లు ఇప్పుడు లేదు, ఆ జాగల సెల్‌ఫోన్ల షాపులు. కొమురయ్య లేడు. గానుగ లేదు. గానుగ రాతి చక్రం ఒకటి రోడ్డు మీద హోటల్ ముందట రంగేసి నిలబెట్టిండ్రు, పోరగాండ్లు దాని మీదెక్కి ఫొటోలు దిగుతాండ్రు. పోతే పోనీ, ఆ కాళ్ళు కాల్చిన కాలం కోసం నేను ఏడువను. నా మంటంత ఒక్కటే. నింద వేసినోడు, విన్నోళ్ళు, అందరు పోయిండ్రు. నింద మాత్రం తుడువకనే పోయిండ్రు. బెల్లం తిన్నది నేను. నాసోంటి పిల్లలు తిన్న పిడికెడు బెల్లానికి అరుగు పగలదు. ఈ ముక్క ఎవని ముందట చెప్పాలె?

రమేష్ ముందట చెప్పిన. పగిలిన మెట్టు మీద నిలబడి, వాడకట్టంత వినపడేటట్టు చెప్పిన. వాడు ముందుగాల నవ్విండు, "మిషన్‌ను అంటే నీకేందమ్మా?" అని. తర్వాత నవ్వలేదు. తెల్లారి గునపం తెచ్చి మెట్టు పగలగొట్టిండు. మల్ల డ్రమ్ము తిప్పిండు. నీళ్ళు నేను చెంబుతోని పోసిన, మాలు డ్రమ్ము గోడను పట్టుకొని మెల్లగ ముద్దముద్దగ పడేదాక. తాపీ వాడు ఇయ్యలేదు, నేనడగలేదు. గుంజుకున్న. సాపు చేసి సంచులు కప్పి పది రోజులు రెండు పూటల తడిపిన.

నడుమల ఒకనాడు సరోజన గేటు కాడ ఆగింది. "ఏంది తమ్మీ, మల్ల పోసినవా? మిషన్ మార్చినవా?"

వాడు నా దిక్కు చూసిండు. నేను సంచి మీద నీళ్ళు చల్లుతున్న.

"మిషన్‌ది ఏం లేదక్కా. నీళ్ళు నేనే ఎక్కువ పోసిన."

గంతే మాట. చెప్పేతందుకు బీడీ ముట్టించేటంత సేపు గూడ పట్టలేదు. మా అవ్వ ఆ మాట కోసం పదకొండేండ్లు తట్టలు మోసింది.