రిగ్గై బడిలో తొమ్మిది టీసీలు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా అల్లుడు కారు నడుపుతుండగా, ఎప్పుడూ వెళ్ళే దారిలో రోడ్డు పని జరుగుతున్నదని పోలీసు చెయ్యి ఊపి మమ్మల్ని కువైట్ నగరంలోని రిగ్గై పేటలో ఒక పక్క వీధిలోకి మళ్ళించాడు. ఆ వీధి నంబరు నాకు గుర్తు లేదు గాని, కారు రెండో మలుపు తిరగగానే ఎక్కడ ఉన్నానో తెలిసిపోయింది. ఆపమన్నాను. పాత విల్లా ఉండవలసిన చోట ఇసుక కుప్పలు, చుట్టూ రేకుల కంచె, లోపల ఒక పసుపుపచ్చ యంత్రం ఉన్నాయి. ఏమైంది అత్తయ్యా అని అల్లుడు కంగారుపడ్డాడు. ఏమీ లేదు నాయనా, ఇక్కడ పదహారేళ్ళు పని చేశాను అన్నాను. మర్యాద తెలిసిన పిల్లవాడు, రెండు నిమిషాలు కారు ఆపి ఉంచాడు. మా అమ్మాయి కువైట్‌లోనే డాక్టరు కనుక, విజయవాడ నుంచి ఏటా విజిట్ వీసా మీద వచ్చి పోతూనే ఉన్నాను. అయినా ఆ వీధికి వెళ్ళి చూసి వద్దామని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అనిపించలేదు. ఎందుకు అనిపించలేదో నాకు తెలుసు.

నా ఈడువాళ్ళలో గల్ఫుకు వెళ్ళివచ్చినవారికి ఆనాటి బడుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇరాక్‌తో యుద్ధం ముగిసిన తరువాత మనవాళ్ళు మళ్ళీ సంసారాలతో రావడం మొదలుపెట్టారు గాని, ఉన్న బడులలో చోటు చాలేది కాదు. అందుకని కొందరు తండ్రులు కమిటీగా చేరి ఒక విల్లా అద్దెకు తీసుకుని బడి పెట్టారు. పాఠాలూ పరీక్షలూ మన దేశానివి, లైసెన్సు మాత్రం ఒక కువైటీ ఆవిడ పేరు మీద. పడక గదులు తరగతులయ్యాయి, వంటగది సైన్సు లాబరేటరీ అయింది. కింది స్నానాలగదిలో గులాబిరంగు తొట్టె ఒకటి ఉండేది, తీసేద్దామంటే కదిలేది కాదు, అందులో ఆటల సామాను పడేసేవాళ్ళం. ఇసుక గాలి వచ్చిన రోజున నల్లబల్ల మీద రాసిన లెక్క కనిపించేది కాదు. ముందు తుడిచి, మళ్ళీ రాసి, మళ్ళీ తుడిచేవాళ్ళం.

మావారు ఇంజనీరు. ఆయన వెంట వచ్చిన నేను, బి.ఎడ్. చదివిన పాపానికి ఇంట్లో కూర్చోలేక లెక్కల టీచరుగా చేరాను. నాలుగేళ్ళకు అప్పటి ప్రిన్సిపాల్ గారు ఊరికి వెళ్ళిపోతే కమిటీ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పటికి నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. బడిని బాగు చెయ్యడమంటే పదో తరగతి ఫలితాలు బాగు చెయ్యడమేనని ఆనాడు నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

ఆ ఫలితాలు చూస్తే రెండేళ్ళుగా అధ్వాన్నంగా ఉన్నాయి. కాస్త కలిగినవాళ్ళు పిల్లల్ని వేరే బడులకు మార్చేస్తున్నారు. ఇలాగే ఉంటే వచ్చే ఏడు మూసుకోవలసి వస్తుందని తనిఖీకి వచ్చిన అధికారి చెప్పిపోయాడు. మా కమిటీ పెద్ద అమ్ఘరాలో ఇళ్ళ సామాను వ్యాపారం చేసే కృష్ణా జిల్లా మనిషి. చెడ్డవాడు కాడు, బడి పెట్టిన కొత్తలో బెంచీలు తానే భుజాన మోసినవాడు. ఆయన మార్చి నెలలో మీటింగు పెట్టి, తొమ్మిదో తరగతిలో వెనకబడినవాళ్ళను పదిలోకి రానివ్వకుండా టీసీలు ఇచ్చి పంపేద్దామన్నాడు. కలుపు తియ్యనిదే పంట రాదు కదా మేడమ్ గారూ అన్నాడు. లెక్కల మాస్టారు, ఆయనది కేరళ, జాబితా రాసి తెచ్చారు. తొమ్మిది పేర్లు. ఆ రోజుల్లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు కనుక బుధవారం మధ్యాహ్నం బడి వదిలే ముందు తొమ్మిది టీసీల మీదా వరసగా సంతకాలు పెట్టి, కవర్లలో వేయించి, తల్లిదండ్రులను శనివారం రమ్మని కబురు పంపించి, ఇంటికి వెళ్ళి శుభ్రంగా భోజనం చేశాను.

శనివారం మొదటి గంట కొట్టకముందే ఒక తండ్రి వచ్చాడు. నిజామాబాదు వైపు మనిషి, ఏదో కంపెనీలో సూపర్వైజరు. పక్కన కూతురు. నేను చెప్పదలచుకున్నదంతా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ మనసులో వల్లె వేసుకుని ఉన్నాను గాని, ఆయన చెప్పనివ్వలేదు. "మీరు సదువుకున్నోళ్ళు మేడమ్, మీకు ఎరుక లేంది మాకేం ఎరుక" అని కవరు తీసుకుని నమస్కారం పెట్టాడు. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి నా వంక ఒక్కసారి చూసి, తండ్రి వెనకాల వెళ్ళిపోయింది. ఇంత సులువుగా అయిపోయిందే అని నాకు ఊరటగా అనిపించింది. ఆ ఊరట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంటర్వెల్లు వేళకు రెండో ఆవిడ వచ్చింది. రాయచోటి దగ్గర పల్లెటూరు, భర్త అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో ఫోర్మన్, ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కూతురు ఏడో తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి, తండ్రికి ఫ్యామిలీ వీసా రాగానే ఇక్కడికి వచ్చి, ఒక్కసారిగా ఇంగ్లీషు చదువులో పడింది. ఆవిడ కవరు తీసుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు. నా బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఏం టీచరమ్మా, నా బిడ్డకు లెక్కలు రావంటాండారంట? యార్డులోకి కమ్మీల లోడు వస్తే ఎన్ని కేజీలైతాదో వాళ్ళ నాయన క్యాలిక్యులేటరు తీసేలోపల నోటితో చెప్తాది. మీ ఎదురుంగానే అడిగి చూడండి. చెప్పకపోతే నేనే తీసుకొని పోతా."

అడగకపోతే ఆమె కదిలేలా లేదు. పిల్లను పిలిపించి, వార్షిక పరీక్షలో ఆమె రాసిన లెక్కల పేపరు కట్టలోంచి తీయించాను. నేను లెక్కల టీచరునే కదా, మొదటి పేజీ తిప్పేసరికే తెలియవలసింది తెలిసింది. ఒట్టి అంకెలతో ఇచ్చిన లెక్కలు, బీజగణితం చాలా మటుకు సరిగ్గా చేసింది. మాటలలో ఇచ్చిన లెక్కల దగ్గర మాత్రం ఖాళీ, పేజీకి పేజీ ఖాళీ. అందులో ఒకదాన్ని చూపించి, ఇది ఎందుకు వదిలేశావమ్మా అన్నాను. 'సిస్టర్న్' అనే మాట మీద వేలు పెట్టి, తలెత్తకుండా చెప్పింది.

"ఎవురో సిస్టరు అనుకొంటి టీచర్. సిస్టరుకు పైపులు ఎందుకో తెలీలా."

నాకు నవ్వు రాలేదు. ఒక నీళ్ళ తొట్టిని ఒక పైపు ఆరు గంటల్లో నింపుతుంది, ఇంకో పైపు మూడు గంటల్లో నింపుతుంది, రెండూ కలిపి వదిలితే ఎంతసేపట్లో నిండుతుంది అని తెలుగులో అడిగాను. "ఓ, తొట్టా!" అని, ఒక్క క్షణం పైకి చూసి, "రెండు గంటలు టీచర్" అన్నది. తల్లి బల్ల మీద ఉన్న కవరు తీసి నా చేతిలో పెట్టి, కుట్టు పని ఉందని వెళ్ళిపోయింది.

ఆ పూట మిగిలిన ఏడుగురినీ పిలిచాను. మలయాళం వాళ్ళను సైన్సు టీచరమ్మ చేత, ఉర్దూ వాళ్ళను బస్సు డ్రైవరు చేత, తమిళ పిల్లను లైబ్రేరియన్ చేత అడిగించాను. ఏడుగురిలో అయిదుగురు ఏదో ఒక మేరకు చెప్పగలిగారు. ఇద్దరికి ఏ భాషలోనూ రాలేదు, వాళ్ళకు అయిదో తరగతి లెక్కలే తెలియవు, అది మా తప్పు. మిగిలిన కవర్లన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాను. కాని కమిటీ తీర్మానాన్ని తిప్పివెయ్యాలంటే నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. ఆ సాయంత్రం నేనూ మావారూ అర్దియాలో ఉన్న లైసెన్సు ఆవిడ ఇంటికి వెళ్ళాం.

ఆవిడ కూడా ఒకప్పుడు ఆడపిల్లల బడిలో పంతులమ్మగా పని చేసిన మనిషి. నాకు వచ్చిన అరబ్బీ కూరగాయల అంగడికి సరిపోయేది, అంతే. రాజంపేట నుంచి వచ్చి ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా పని చేస్తున్న ఆమె చాయ్ గ్లాసులు పెట్టి, పక్కనే కింద కూర్చుని, మా ఇద్దరి మధ్య మాటలు మోసింది. నేను జరిగినదంతా చెప్పాను, నా సంతకాలతో సహా. ఆమె అరబ్బీలో చెప్పింది. లైసెన్సు ఆవిడ జపమాల తిప్పుతూ విని, ఒక చిన్న వాక్యం అన్నది. దానికి, యజమానురాలిని అక్కడి వాడుకలో 'మామా' అని పిలిచే ఆమె ఇచ్చిన తెలుగు మాత్రం పొడుగ్గా ఉంది.

"మామా ఏమంటాండాదంటే అమ్మా, బాగా చదివేటోళ్ళను మాత్రమే పెట్టుకుంటే ఇంక మీరెందుకు, వాళ్ళంతట వాళ్ళే చదువుకుంటారు గదా, రానోళ్ళకు చెప్పేదానికే గదా బడి పెట్టేది అంటాండాది. పిల్లోళ్ళను పంపొద్దంట. ఖలాస్."

ఇందులో ఆవిడ అన్నదెంత, ఏనాడూ బడి మెట్టు ఎక్కని ఆ రాజంపేట ఆమె కలిపిందెంత అన్న సందేహం నాకు ఆనాడే వచ్చింది. తేల్చుకోవాలని అనిపించలేదు.

కమిటీ పెద్దకు సహజంగానే కోపం వచ్చింది. తనను దాటి వెళ్ళాననీ, రేపు బడి మూతపడితే మూడు వందల మంది పిల్లలకు నేను జవాబు చెబుతానా అనీ అడిగాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. వచ్చే ఏడు ఫలితాలు మెరుగుపడకపోతే కుర్చీ ఖాళీ చేస్తానని ఒప్పుకుని వచ్చాను.

ఆ ఏడాది ఎలా గడిచిందో తలచుకుంటే అంత ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో అనిపిస్తుంది. బడి వదిలిన తరువాత ఒక గంటసేపు ఆ పిల్లలను కూర్చోబెట్టేవాళ్ళం. మొదట లెక్కను ఇంటి భాషలో చెప్పుకోవాలి, తరువాత ఇంగ్లీషులో చదవాలి, అప్పుడే పెన్సిలు పట్టాలి. బస్సు డ్రైవరు పెషావరు మనిషి, మిగతా పిల్లలను దింపి, వీళ్ళ కోసం మళ్ళీ వచ్చేవాడు. లెక్కల మాస్టారు మాత్రం మొదట రాలేదు. పరీక్ష ఇంగ్లీషులో ఉంటుంది గాని ఇంటి భాషలో ఉండదు కదా అనేవారు. జూన్ ఎండల్లో ఒకనాడు తలుపు దగ్గరకు వచ్చి నిలబడి, కాసేపు విని, లోపలికి వచ్చి మలయాళం పిల్లల బెంచీ చివర కూర్చున్నారు. తానూ పదో తరగతి దాకా మలయాళంలోనే చదివాననీ, కాలేజీలో మొదటి సంవత్సరమంతా ఒక్క ముక్క అర్థం కాక గదిలో ఏడ్చేవాణ్ణనీ చాలా రోజుల తరువాత నాతో చెప్పారు. ఆ రోజు తరువాత ఆయన ఒక్క పూట కూడా మానలేదు.

ఫలితాల్లో మా బడి పేరు మోగిపోయిందని చెప్పను. ఉన్న ఎనిమిది మందిలో ఆరుగురు పాసయ్యారు, ఇద్దరు తప్పి మరుసటి ఏడు మళ్ళీ రాశారు. మొత్తం మీద అంతకుముందు ఏడాది కంటే నయం. బడి నిలబడింది, నా కుర్చీ నిలబడింది. కమిటీ పెద్ద ఆ సాయంత్రం టీచర్లందరికీ మిఠాయి పంపించాడు. రాయచోటి పిల్లకు లెక్కల్లో తరగతిలోకెల్లా ఎక్కువ మార్కులు వచ్చాయి. వాళ్ళు ఊరికి తిరిగి వెళ్ళాక పాలిటెక్నిక్‌లో చేరిందని విన్నాను, తరువాతి సంగతి తెలియదు.

మొదటి కవరు తీసుకున్న నిజామాబాదు పిల్ల కోసం ఆ శనివారమే కబురు చెయ్యబోయాను. వాళ్ళ గదికి ఫోను లేదు. రెండు రోజులకు మావారు ఆ పిల్ల తండ్రి పని చేసే చోటికి వెళ్ళి అడిగేసరికి, తల్లినీ పిల్లనూ ఊరికి పంపేస్తున్నాడనీ, టిక్కెట్లు తీసుకున్నాడనీ తెలిసింది. బతిమాలినా ఆయన వినలేదు. మీరే వద్దన్నారు గదా సారూ అన్నాడట. రిజిస్టరులో ఉన్న ఊరి చిరునామాకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. ఆ పిల్ల పేపరు కూడా తరువాత తీసి చూశాను. మాటల లెక్కల దగ్గర అదే ఖాళీ. ఆ ఏడుగురిని అడగడానికి నాకు ఇంకొకరి సాయం కావలసి వచ్చింది. ఆ పిల్లను అడగడానికి ఎవరి సాయమూ అక్కరలేదు, ఆమెదీ నాదీ ఒకే భాష.

తరువాత బడి పెద్ద భవనానికి మారింది, కమిటీ మారింది, నేనూ రిటైరయ్యాను. ఇప్పటి బడులను చూస్తే ముచ్చటేస్తుంది. చల్లని గదులు, గోడంత తెరలు, వెనకబడిన పిల్లల కోసం ప్రత్యేకంగా చదువుకుని వచ్చిన టీచర్లు. మేము చీకట్లో తడుముకున్నవన్నీ ఇవాళ పద్ధతులుగా, పుస్తకాలుగా ఉన్నాయి. ఇప్పుడు తప్పిపోయే పిల్లలు మా కాలంలో కంటే తక్కువే అయివుంటారు, అందుకు సంతోషమే. కాని తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ను కలవాలంటే ముందుగా ఫోనులో సమయం తీసుకోవాలి, ఏ విషయమో రాయాలి, గేటు దగ్గర కార్డు చూపించాలి. మా విల్లాకు గేటు ఉండేది గాని దాని దగ్గర మనిషి ఉండేవాడు కాదు. ఏ తల్లికి కోపం వస్తే ఆ తల్లి నేరుగా మెట్లెక్కి నా గదిలోకి వచ్చేది. ఆనాడు నాకది ఎంత చిరాకుగా ఉండేదో చెప్పలేను, ఒక మనిషిని కాపలా పెట్టమని కమిటీని రెండుసార్లు అడిగాను కూడా. ఎందుకో వాళ్ళు పెట్టలేదు. ఆ శనివారం రాయచోటి ఆమెను ఎవరైనా కింద ఆపి, ఏ పని మీద వచ్చావమ్మా, ముందుగా చెప్పావా అని అడిగి ఉంటే, ఆ మనిషి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే; నేనూ రెండో కవరు బల్ల మీద సర్దుకుని, మూడోవాళ్ళ కోసం చూస్తూ కూర్చునేదాన్ని.