పేరు కొట్టేసిన పాట

నా చిన్నప్పుడు, రియాద్‌లోని మలాజ్ పేటలో మేమున్న ఇంటి గోడ మధ్యాహ్నాల్లో ఏడ్చేది. అంతకు కొన్నాళ్ల ముందే నెలల పిల్లవాడైన మా తమ్ముడు జ్వరంతో పోయాడు. నాన్న వాణ్ణి ఊరి బయట ఎక్కడో మట్టిచేసి వచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ వాడి పేరెత్తలేదు. అమ్మ జోలపాటలూ ఆగిపోయాయి. గోడలోంచి సన్నగా వచ్చే ఆ ఏడుపు వాడిదేననుకున్నాను. భయమేసేది. అయినా చెవి ఆనించి వినేదాన్ని.

ఒకరోజు ఆ ఏడుపు వెంటబడి పక్కింటి గుమ్మం దాకా వెళ్లి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాను. తలుపు తీసింది సూడాన్ ఆంటీ. ఆమె చేతిలో ఫిడేలు! అప్పట్లో అక్కడ సంగీతం బాహాటంగా వినిపించేది కాదు. ఆమె కిటికీలు మూసుకుని, మా గోడవైపు కూర్చుని వాయించుకునేది.

ఎవరిని పిలుస్తున్నావని అడిగింది. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కథ చెప్పింది. రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో తనలాగే నల్లజాతికి చెందిన ఫిడేలు విద్వాంసుడు ఒకాయన ఉండేవాడట. ఒక మహా స్వరకర్త ఆయన కోసమే పాట కట్టి, ఆయనతో కలిసి సభలో వాయించాడట. ఆనక ఏదో మాట పట్టింపు వచ్చి పాట మీదున్న ఆయన పేరు కొట్టేసి, ఇంకొకరి పేరు రాశాడట. ఆ ఇంకొకాయన దాన్ని ఎన్నడూ వాయించనే లేదట.

"మరి ఆయన పేరు పోయిందా?" అన్నాను.

"ఎవరూ పలక్కపోతే పోతుంది," అంది. ఆ విద్వాంసుడి పేరు నాచేత పలికించింది. తర్వాత మా తమ్ముడి పేరు తనూ పలికి, ఫిడేలు అందుకుంది.

అది జోలపాటలా సాగింది. మధ్యలో వెనక్కి తిరిగితే గుమ్మంలో అమ్మ. నన్ను వెతుక్కుంటూ వచ్చి, తమ్ముడి పేరు విన్నట్టుంది. పాట అయ్యేదాకా కదల్లేదు.

"ఇంకోపారి వాయించుమను బిడ్డా. నా కొడుకు పేరు జెప్పి వాయించుమను," అంది.

ఆ పేరు తనే పైకి అని, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. ఆంటీ ఆపకుండా వాయించింది.

ఆ ఏడాదే ఆంటీ వాళ్లు అక్కడి కొలువు ముగించుకుని, ఎగ్జిట్ వీసా మీద సూడాన్ వెళ్లిపోయారు. మళ్లీ చూడలేదు. ఇప్పుడు నేను కూతురి దగ్గర రియాద్‌లోనే ఉంటున్నాను. అమ్మా నాన్నా పోయారు. తమ్ముడొకడు ఉండేవాడని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే రోజూ ఒకసారి వాణ్ణి పైకే పిలుస్తాను. జవాబు రాదని తెలిసే పిలుస్తాను.

మొన్న మనవరాలు విన్నది. "ఎవర్ని పిలుస్తున్నవ్ అమ్మమ్మా?" అని అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇప్పుడు ఆ పేరు ఇద్దరికి తెలుసు.