పండుగప్ప పిల్లల్ని వదిలిన రోజు

నిన్న నిజామాబాద్ చేపల మార్కెట్టులో ఎవరో పండుగప్పల పెట్టె మూత తీశారు. సముద్రపు వాసన గుప్పుమంది. ఆ వాసనకు ఇన్నేళ్లయినా నాకు గంగవ్వ గుర్తొస్తుంది.

గంగవ్వది చందూర్. చెరుకు మానేసిన పొలంలో చెరువు తవ్వించి, ఊళ్లోని నాలుగు కుటుంబాలతో కలిసి చేపలు పెంచేది. చెరువు పనంతా జీతానికి నేనే చూసేవాణ్ణి. నాకప్పటికే ముప్పై దాటాయి. రవ్వ, బొచ్చె చేపపిల్లల్ని వదలడంలో నన్ను మించినవాడు లేడని నా పొగరు. సముద్రం ఒడ్డున పుట్టే పండుగప్ప మన తియ్యనీళ్లలోనూ పెరుగుతుందని ఆమె ఎక్కడో చూసొచ్చింది. భాగస్తులు నవ్వారు. "పెరగకుంటె ఇంకోపారి నా మాట ఇనకుండ్రి" అని పట్టుబట్టి ఒప్పించింది.

చేపపిల్లలు చెప్పిన రోజుకు ఒకరోజు ముందే వచ్చేశాయి. గంగవ్వ ధర్పల్లిలో చెల్లెలింట్లో ఉంది, ఫోను కలవలేదు. మన పద్ధతి మనకుందిగా అనుకున్నాను. పిల్లలున్న నీళ్ల సంచుల్ని అరగంట చెరువులో తేలనిచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే చల్లదనానికి వచ్చాక మూతులు విప్పాను. రవ్వ పిల్లలకు ఎప్పుడూ అలాగే చేసేవాళ్లం. ఇవీ చకచకా ఈదుకుంటూ పోయాయి. నన్ను నేనే మెచ్చుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూద్దును కదా, గట్టు పొడవునా తెల్లటి పొట్టలు! చేత్తో తీస్తే మెత్తగా ఉబ్బి ఉన్నాయి. ఆ బురదలోనే కూర్చుని ఒక్కొక్కటే ఏరాను.

సాయంత్రం బస్సు దిగి నేరుగా వచ్చిన గంగవ్వ తిట్టలేదు. ఖాళీ సంచి అడుగున మిగిలిన నీళ్లు నా దోసిట్లో పోసింది.

"నోట్లె వోస్కో."

ఒకటే ఉప్పు.

"గిప్పుడు చెరువు నీళ్లు సూడు. గింత ఫరక్ ఉంటె గంత చిన్న పానం ఎట్ల తట్టుకుంటది కొడుకా? ఒక్కపారే తియ్యనీళ్లు ఒంట్లకు జొరబడ్డయి. తొట్ల ఏసి, వారం దినాలు జర్ర జర్ర తియ్యనీళ్లు కలుపుకుంట అలవాటు చెయ్యాలె."

అంతలో భాగస్తులు వచ్చారు. వాళ్లలో పెద్దాయన అడిగాడు: "ఎవలు ఇడిసిండ్రు?"

నేను నోరు తెరిచేలోగా గంగవ్వే అంది: "నేనే ఇడువుమన్న. నాకే తెల్వలే."

అప్పుడైనా కాదనొచ్చు. అనలేదు. ఆ రోజు నుంచి చెరువు సంగతుల్లో ఆమె మాట ఎవరూ అడగలేదు. ఏం చేయాలన్నా ఆమె లేనప్పుడే మాట్లాడుకునేవాళ్లు.

ఎందుకలా చెప్పావని తర్వాత అడిగితే, "పని వోతే నువ్వు పెండ్లాం పిల్లల్ని ఏసుకొని ఏడికి వోతవ్? నేనైతె ఈడనే ఉంట గద" అని తొట్టి కడగడంలో పడిపోయింది. ఆ తొట్టిలోనే, ఆమె సొంతంగా మళ్లీ తెప్పించిన కొన్ని పిల్లలతో, ఉప్పునీళ్లను రోజురోజుకూ ఎలా చప్పబరచాలో నాలుకతో చూసుకుంటూ నాకు నేర్పింది. నేర్పిన మూడేళ్లకు పోయింది.

ఇప్పుడు నాదే ఒక చెరువు. పండుగప్పలు మూరెడు సాగుతున్నాయి. మొదటిసారి చేపలు పట్టిన రోజు పాత భాగస్తులంతా వచ్చారు. పెద్దాయన నా భుజం తట్టి, "గంగవ్వకు చాతగాని పని నువ్వు చేసినవ్ రా" అన్నాడు.

నేను నవ్వి, చేతులు జోడించాను.