ఎస్తేరుగారితో బయటి భోజనాలు

నిన్న పొద్దున్న ఆరున్నరకి ఫోన్. అమలాపురం నంబర్.

"అక్క పోయిందండీ..." ఎస్తేరుగారి చెల్లెలు గ్రేస్.

నిజం చెప్తున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోయిన ఆదివారమే మాట్లాడుకున్నాం. "ఒంట్లో ఎలా ఉందండీ" అని అడిగితే "ఆయ్, బ్రహ్మాండంగా ఉన్నానండీ" అంది.

ఎప్పుడూ అంతే ఈ మనిషి. అసలు సంగతి ఒక్కటీ చెప్పదు.

నా ఫ్రెండ్స్‌లో చాలామందికి ఆవిడ తెలీదు. డెబ్బైల చివర్నుంచి పదేళ్ళ పైన అమలాపురం టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పక్కపక్కన కూర్చున్న ఆపరేటర్లం. చెవులకి హెడ్‌సెట్లు తగిలించుకుని రోజంతా "హలో రాజమండ్రీ, హలో కాకినాడా" అని అరవడం మా ఉద్యోగం.

కాల్ కలిపాక ఆపరేటర్ లైన్లోంచి తప్పుకోవాలి. అది రూలు.

ఈవిడ తప్పుకునేది కాదు. ఊళ్ళోవాళ్ళ కాపరాల గొడవలు వినడానికైతే అదో అందం. తిండి కబుర్లు వినడానికి!

ఎవరో కొబ్బరి వ్యాపారి వాళ్ళ బావమరిదికి ఫోన్ చేసి "ఫలానా చోట బొమ్మిడాయిల పులుసు అదిరిందిరా" అంటే చాలు, నా వైపు తిరిగి కళ్ళెగరేసేది.

"లక్ష్మిగారూ, మన మహానగరంలో ఇంకో కొత్త చోటు దొరికిందండీ. శనివారం డ్యూటీ దిగేక వెళ్దామండీ."

నాలుగు రోడ్లూ ఒక గడియారస్తంభం. ఆవిడకది మహానగరం.

"ఉద్యోగాలు ఊడతాయండీ తల్లీ" అని నెత్తీ నోరూ బాదుకునేదాన్ని. వింటేనా!

మొదటి చోటు ఎక్కడనుకున్నారు? ఒక కొబ్బరి కొట్టు వెనకాల. కాయలు వలిచే కూలీల కోసం ఒక పెద్దావిడ పాకలో వండేది. బల్లా లేదు, బెంచీ లేదు. ఇస్త్రీ చీరతో కొబ్బరి డొక్కల గుట్ట మీద కూర్చున్నాను, విస్తరి ఒళ్ళో పెట్టుకుని. చీరంతా పీచు. కాళ్ళకి చీమలు. ఈవిడ మటుకు "పనసపొట్టు కూర ఇంకొంచెం వెయ్యండీ" అంటోంది.

ఇంకోసారి బస్టాండ్ దగ్గర భోజన హోటల్. అప్పట్లో ఆడవాళ్ళు కర్టెన్ వెనక ఫ్యామిలీ రూమ్‌లో తినాలి. అందులో ఫ్యాన్ ఉండదు. ఎస్తేరుగారు తిన్నగా హాల్లోకి వెళ్ళి, అంతమంది మగాళ్ళ మధ్య, ఫ్యాన్ కింద బల్ల దగ్గర కూర్చున్నారు.

ఓనరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, ఫ్యామిలీస్ లోపలండీ."

"మేం ఫ్యామిలీ కాదండీ, ఆపరేటర్లం. ఇవాళ కూరేంటండీ?"

హాల్లో అందరూ తినడం ఆపి మా వైపే చూస్తున్నారు. నేను విస్తట్లోంచి తలెత్తితే ఒట్టు. ఆవిడ పెరుగు రెండోసారి వేయించుకుంది.

ముక్తేశ్వరం రేవు దగ్గర చేపల పులుసు కోసం వెళ్ళి నిలువునా వానలో తడిసిన సంగతి రాయను. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"హాయిగా ఇంట్లో తినక మనకీ తిప్పలెందుకండీ" అని ప్రతిసారీ విసుక్కునేదాన్ని. ఆవిడ నవ్వి ఊరుకునేది.

సరే. అసలు సంగతి నేనైనా రాయాలి.

ఈ తిరుగుళ్ళు మొదలవ్వకముందు, ఎస్తేరుగారు నన్ను వాళ్ళింటికి భోజనానికి పిలిచారు. ఎక్స్ఛేంజ్‌కి రెండు వీధుల అవతలే ఇల్లు. వాళ్ళ నాన్నగారు టీచరు. తాతగారు మాలాంటి రైతుల పొలాల్లో పనిచేసిన మనిషి. చర్చికి వెళ్ళే కుటుంబం.

మా అత్తయ్యగారు "వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోకు" అన్నారు.

నేను ఎదురు చెప్పలేదు. మర్నాడు డ్యూటీలో "కడుపులో బాగోలేదండీ, రాలేను" అన్నాను.

ఎస్తేరుగారు నా మొహంలోకి ఒక్కసారి చూశారు. "ఆయ్, పర్లేదండీ."

తరవాతి శనివారమే ఆ కొబ్బరి కొట్టు.

మళ్ళీ ఎప్పుడూ ఇంటికి పిలవలేదు. డ్యూటీలో తన క్యారేజీ నా ముందు విప్పేది కాదు, నాకు ఇబ్బంది అవుతుందని. ఇద్దరం కలిసి తినడానికి ఊరంతా వెతికింది. నాకది తెలుసు. తెలిసీ చీమలున్నాయనీ, ఫ్యాన్ లేదనీ విసుక్కున్నాను!

అత్తయ్యగారు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తరవాతైనా వెళ్ళొచ్చుగా? ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మేం రాజమండ్రి వచ్చేశాక నేను ఎన్నిసార్లు అమలాపురం వెళ్ళినా హోటల్లోనే కలిశాం.

ఆ ఇంటి గుమ్మం నిన్న మొదటిసారి తొక్కాను.

సమాధి చేసి వచ్చాక పక్కింటివాళ్ళు అన్నం, పప్పు పంపించారు. గ్రేస్ అందరికీ వడ్డిస్తూ నా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"మీకు బయటి భోజనమే ఇష్టమని అక్క ఎప్పుడూ చెప్పేదండీ. హోటల్నించి తెప్పించమంటారా?"

చూశారా ఈవిడ చేసిన పని! ఇన్నేళ్ళూ సొంత చెల్లెలికి కూడా నా సంగతి చెప్పలేదు. నా మీద మాట పడకుండా నన్నొక తిండిపోతుని చేసి కూర్చోబెట్టింది.

"వద్దమ్మా. ఇక్కడే తింటాను" అన్నాను.

గ్రేస్ లోపల్నించి జాడీ తెచ్చింది. ఈ వేసవిలో ఎస్తేరుగారు పెట్టిన మాగాయ.

ఆవిడ చేతి వంట నేను తినడం అదే మొదలు. ఏడుస్తూనే తిన్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

ఒక్కసారి నన్ను నిలదీసి నాలుగు తిట్టి ఉంటే ఏం పోయేదండీ మీకు? "ఆయ్, పర్లేదండీ" అట! పర్వా లేకపోవడమేంటండీ, చాలా ఉంది.

మాగాయలో కారం ఎక్కువైంది. ఈ మాట మీ ఎదురుగా కూర్చుని అనాల్సింది.

వెళ్ళిరండి ఎస్తేరుగారూ. అక్కడ మిమ్మల్ని ఏ కర్టెన్ వెనకా కూర్చోబెట్టకూడదు. హాలు మధ్యలో, ఫ్యాన్ కింద, చల్లగా ఉండండి.